అడుగుమన్ను

పటంలో చూస్తే రెండు వందల అరవై మీటర్లే. అరవై మూడో నంబరు విల్లా గుమ్మం నుంచి ఎర్రకుంట హైస్కూలు గేటు దాకా స్కేలు పెట్టి గీత గీసి, ఒకటికి రెండుసార్లు కొలిచి మరీ వారిజ ఆ ఇల్లు ఒప్పుకుంది. మధ్యలో పదడుగుల గోడ ఉందని ఆమెకు తెలుసు. ఆ గోడకు పనివాళ్ళు వచ్చిపోయే చిన్న గేటు ఒకటి ఉందని కూడా వాకబు చేసి తెలుసుకుంది.

ఆ కాలనీ పేరు ఆమ్రవనం. మచ్చుకైనా ఒక్క మామిడిచెట్టు లేదు. నగరం అంచున తొంభై ఆరు విల్లాలు, చుట్టూ గోడ, గోడ మీద కరెంటు తీగ. పెద్ద గేటు పడమర వైపు, హైవే మీదికి. ఎర్రకుంట ఊరు తూర్పు గోడకు ఆనుకొనే ఉంటుంది. వంటింట్లో నిలబడితే బడిగంట వినిపిస్తుంది. అయితే ఆ బడికి కారులో వెళ్ళాలంటే మాత్రం పడమటి గేటు దాటి, హైవే ఎక్కి, ఎక్కడో యూటర్న్ తీసుకొని, లారీల మధ్య సర్వీసు రోడ్డు పట్టుకొని తిరిగి తిరిగి మూడు కిలోమీటర్ల రెండు వందల మీటర్లు పోవాలి. ఆ రోడ్డుకు ఫుట్‌పాత్ లేదు. కాలనీ లోపలా లేదు. ఇక్కడివాళ్ళు పాలప్యాకెట్టు కోసం కారు తీస్తారు. ట్రెడ్‌మిల్లు మీద నడవడానికి క్లబ్‌హౌసుకు కారులో వెళ్తారు. మనుషులకు కాళ్ళుంటాయన్న సంగతి ఈ లేఅవుట్ గీసిన మహానుభావుడికి ఎవరూ చెప్పినట్టు లేదు.

వారిజ భర్త ఉపేందర్ ఎర్రకుంట హైస్కూల్లో తొమ్మిదేళ్ళుగా లెక్కల మాస్టారు. మొన్న దసరాకు ముందు పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ కుడికాలూ పట్టు తప్పాయి. మాట దక్కింది. చెయ్యి చాలావరకు దారిలోకొచ్చింది. కాలు మాత్రం మొండికేసింది. గట్టినేల మీదయితే కర్ర పట్టుకొని నడుస్తాడు. గుల్లమట్టి మీద, గడ్డి మీద పాదం మడతపడి కూలిపోతాడు. ఇక కారు సీట్లోంచి తనంతట తాను లేవడం ఆయన వల్ల కాదు. ఎవరో ఒకరు ఎదురుగా నిలబడి రెండు చేతులూ పట్టుకొని లాగాలి. సెలవు అయిపోవచ్చింది, జూన్ పన్నెండున చేరకపోతే ఆయన ఉద్యోగం పోతుంది. బడి తెరిచేదీ ఆ రోజే.

"కార్ల దింపుతనంటే నేను పోను," అని ఆయన ముందే తేల్చేశాడు. "తొమ్మిదో తరగతి కిటికీలన్నీ గేటు దిక్కే ఉన్నయ్. వాళ్ళందరి ముంగట నువ్వు నా చేతులు పట్టి గుంజితే, ఇగ నేను బోర్డు మీద ఏం రాసినా వాళ్ళకు అదే కనబడ్తది. నడిచి పోత. నడవలేకపోతే రాజీనామా రాస్త."

"పిల్లలు అట్ల అనుకోరండీ."

"నాకు తెల్వదా వారిజా, పిల్లలు ఏమనుకుంటరో?"

మొండి మనిషి. ఆమెకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏడవడానికి తీరిక లేక పనిలో పడింది.

ఆమె పని మట్టితో. నగరంలోని ఒక పరిశోధన సంస్థలో పదకొండేళ్ళుగా మట్టిలోని ఒక సూక్ష్మజీవితో కుస్తీ పడుతోంది. కాలనీలు కట్టేవాళ్ళు కాగితం మీద దారులు గీసి టైల్సు పరుస్తారు. జనం వాటిని వదిలేసి గడ్డిలో అడ్డంగా పడి నడుస్తారు. టైల్స్ మీద గడ్డి మొలుస్తుంది, గడ్డిలో బాట పడుతుంది. ఇది చూసినప్పుడల్లా వారిజకు ఒళ్ళు మండేది. దారి గీయాల్సింది నడిచేవాళ్ళ కాళ్ళు గానీ ఇంజనీరు పెన్సిలు కాదని ఆమె వాదన. ఆ వాదనలోంచి పుట్టిందే అడుగుమన్ను.

చూడ్డానికి మామూలు ఎర్రమట్టే. బెత్తెడు మందాన పరిచి, రోజూ పొద్దున్నే బెల్లంనీళ్ళూ సున్నపుతేటా కలిపి తడపాలి. మనిషి అడుగు పడగానే ఆ బరువుకూ ఆ లయకూ మట్టిలోని జీవి మేలుకొని రేణువుల మధ్య సున్నం కడుతుంది. వంద అడుగులకు అలికిన నేలలా గట్టిపడుతుంది. పదివేల అడుగులకు బండ అవుతుంది. నడవడం మానేస్తే పదిహేను రోజుల్లో విడిపోయి, మామూలు మట్టికన్నా అధ్వానంగా, పిండిలా జారుతుంది. కారు చక్రం ఎన్నిసార్లు దొర్లినా దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు, గట్టిపడేది మనిషి అడుగుకే. ఆ గుణం తేవడానికి రెండేళ్ళు పట్టింది, అది సాధించిన రోజు వారిజ ల్యాబులో అందరికీ మిఠాయి పంచింది.

మట్టి లోపల ఆ జీవులు దారాల్లా అల్లుకొని ఉంటాయి. పోసే బెల్లంనీళ్ళే వాటి మేత, దాన్ని ఆ దారాలే పంచుకుంటాయి. అడుగులు ఎక్కువ పడేచోటికి ఎక్కువ మేత, తక్కువ పడేచోటికి తక్కువ. ఆ గుణాన్ని ఏరి పెంచింది వారిజే. నిధుల దరఖాస్తులో 'ఎక్కువమంది నడిచేదే దారి' అని రాసి కింద గీత కూడా గీసింది. ఇప్పుడా గీత గుర్తొస్తే ఆమెకు తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

ప్రయోగానికి మూడు కాలనీలు ముందుకొచ్చాయి. వారిజ ఆమ్రవనాన్ని ఎంచుకుంది. ఏడాది పాటు ఉండటానికి బిల్డరు ఒక విల్లా ఇచ్చాడు. ఇదే ఎందుకని డైరెక్టర్ చక్రధర్ అడిగితే నేల వాలు బాగుందని చెప్పింది. వాలు మూడుచోట్లా ఒకటే.

*

జనవరిలో తూర్పువైపు ఖాళీ స్థలం మీదా, ఇళ్ళ మధ్య సందుల్లోనూ మట్టి పరిచారు. ఆ స్థలం లేఅవుట్ లెక్కల్లో పచ్చదనం కింద చూపించింది కాబట్టి సిమెంటు వెయ్యడానికి వీల్లేదు. అడుగుమన్ను అయితే అభ్యంతరం లేదన్నారు.

కాలనీవాళ్ళు దాని మీద కాలు పెట్టలేదు. కారు దిగితే కదా. నడిచింది పనివాళ్ళే. ఎర్రకుంట నుంచి ముప్ఫై ఎనిమిది మంది ఆడవాళ్ళు పొద్దున చిన్న గేటులోంచి వచ్చి, మధ్యాహ్నం ఇంటికి పోయి, మళ్ళీ సాయంత్రం వచ్చి పోతారు. పన్నెండు రోజులు తిరక్కుండానే తూర్పు గోడ నుంచి కాలనీ నడుమకు ఎర్రటి బాట ఒకటి పాపిట తీసినట్టు తేలింది. ఎవరూ గీయలేదు, ఎవరూ పరచలేదు. వారిజ ఆ పొద్దున దాని మీద చెప్పుల్లేకుండా నడిచి చూసి, అక్కడే గొంతుక్కూర్చుని అరచేత్తో తడిమింది.

"ఏందమ్మా మేడం, మట్టికి మొక్కుతున్నవా?" అంది వెనక నుంచి సత్తెమ్మ. వీళ్ళింట్లోనూ మరో మూడిళ్ళలోనూ పనిచేసే మనిషి. నోరు ఊరుకోదు.

"మీ కాళ్ళకు మొక్కుతున్న సత్తెమ్మా."

"అయితే మోకాళ్ళకు గూడ మొక్కు. అరిగిపోయినయ్."

ఉపేందర్ రోజూ పొద్దున ఆ బాట ఎక్కేవాడు. మొదటిరోజు నలభై అడుగులు, వారానికి నూటపది. ఆడవాళ్ళు ఆయన్ను దాటి పోయేవాళ్ళు కాదు. "సార్ ముంగట నడువుండ్రి, మేం ఎన్క వస్తం. సార్ ఉన్నడని చెప్తే మాకు లేటైనా ఎవరేమనరు," అని సత్తెమ్మ వేళాకోళం చేసేది. లెక్కల మనిషి కదా, ప్రతి అడుగూ లెక్కపెట్టి ఇంటికొచ్చి క్యాలెండరు మీద రాసుకునేవాడు. మార్చి ఇరవై ఆరున ఆయన నాలుగు వందల ఇరవై రెండు అడుగులు వేసి చిన్న గేటు చేరుకున్నాడు. గేటు చువ్వలు పట్టుకొని బడి వైపు చూశాడు.

"ఇంకా డెబ్బై మీటర్లు. నా అడుగుకు నూట యాభై ఐదు," అన్నాడు. "ఏప్రిల్ల అయిపోతది."

ఆ రాత్రి ఆయన రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

*

వారం తిరక్కుండా దామోదర్ రావు వచ్చాడు. కాలనీ సంఘం అధ్యక్షుడు, నలభై ఒకటో విల్లా ఆయనది. వీళ్ళకు రెండిళ్ళ అవతల. నంబర్లు ఏ లెక్కన వేశారో దేవుడికే తెలియాలి. ఆ రెండిళ్ళ దూరానికీ కారులోనే వచ్చాడు.

"మేడం, ఏమనుకోకుండ్రి. మీ మట్టి మా ఇంటికి వీధిపోటు తెచ్చింది," అన్నాడు, సోఫా అంచున కూర్చొని.

వారిజకు ముందు అర్థం కాలేదు. ఆయన లేచి కిటికీలోంచి చూపించాడు. తూర్పు గోడ నుంచి వచ్చిన బాట సూటిగా నలభై ఒకటో విల్లా గేటుకు తగిలి, అక్కడి నుంచి రెండుగా చీలి సందుల్లోకి పోతోంది. ఆడవాళ్ళకు అదే దగ్గర. దారి ఎదురొచ్చి గుమ్మాన్ని పొడిస్తే ఇంటికి కీడని వాస్తు.

"ఇల్లు కొనేటప్పుడు అన్నీ చూసే కొన్న మేడం. ఎదురు వీధి లేదు, ఏం లేదు. ఇప్పుడు దానంతటది మొలిచింది. మా ఆవిడ బాత్రూంల జారి మణికట్టు ఇరిగింది. బోరు ఎండింది. మీరు సైన్సువాళ్ళు, నమ్మరు. నేను నమ్ముత. ఏం చెయ్యమంటరు?"

ఆయన కోపంగా చెప్పలేదు, నిజంగానే భయపడుతున్నాడు.

క్లబ్‌హౌసులో మీటింగు పెట్టారు. యాభై మంది యాభై కార్లలో వచ్చారు. కార్లు ఎక్కడ పెట్టాలన్న గొడవతో సగం సమయం గడిచింది. తర్వాత సిద్ధాంతిగారు లేచారు. గుంటూరు వైపు నుంచి వచ్చిన పెద్దమనిషి, మాట నెమ్మది. "రెండే మార్గాలండీ. ప్రవాహాన్ని మొదట్లో ఆపాలి. చివర్లో విఘ్నేశ్వరుణ్ణి నిలపాలి. అంటే ఆ చిన్న గేటు మూసేసి, రావుగారి ప్రహరీకే, బాటకు ఎదురుగా స్వామిని ప్రతిష్ఠించాలి," అన్నారు.

"నడకదారి మీద ప్రయోగం జరుగుతుంటే నడిచేవాళ్ళ గేటు మూస్తరా?" వారిజ నెత్తీ నోరూ బాదుకుంది. "ఆ ఆడవాళ్ళు మూడు కిలోమీటర్లు తిరిగి రావాలె. మా సారు బడికి పోయేది కూడ ఆ గేటు నుంచే."

ఆ గేటు వల్ల భద్రత లేదని నలుగురు అందుకున్నారు. పనివాళ్ళు పెద్ద గేటు దగ్గర వేలిముద్ర వేసి రావడమే పద్ధతన్నారు. ఆ నలుగురికీ వాస్తుతో పని లేదు, వాళ్ళ గోల వాళ్ళది.

"సార్ సంగతి మాకు తెల్వదా మేడం?" అన్నాడు దామోదర్ రావు. "గేటుకు తాళమేస్తం. ఒక తాళంచెవి సార్‌కు ఇస్తం. ఆయన ఎప్పుడన్నా పోవచ్చు, రావచ్చు."

అంతకన్నా ఏం అడగాలో ఆ నిమిషంలో వారిజకు తోచలేదు. తాళంచెవి తీసుకొని ఇంటికొచ్చింది. ఉపేందర్ దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు.

సత్తెమ్మ వాళ్ళు షేర్ ఆటోల్లో ఇరుక్కొని పెద్ద గేటు నుంచి రావడం మొదలుపెట్టారు. రోజుకు గంటన్నర దండగ. "మా ఊరు జరిగి ఏడికో పోయినట్టుంది మేడం," అంది సత్తెమ్మ. ఆ పూట ఆమె వేళాకోళం చెయ్యలేదు.

*

విగ్రహం వచ్చింది. నల్లరాతిది, రెండడుగుల ఎత్తు, చక్కగా ఉంది. నలభై ఒకటో విల్లా ప్రహరీకి గూడు కట్టి నిలిపారు. పదిరోజుల్లో యాభై రెండో విల్లా అమ్మాయికి అమెరికా వీసా వచ్చింది, వాళ్ళమ్మ పదకొండు ప్రదక్షిణలు మొక్కుకుందట. కాలనీ వాట్సాప్ గ్రూపులో ఆ సంగతి పెట్టింది.

ఇక చూడాలి. పుట్టి బుద్ధెరిగాక వంద గజాలు నడవని మనుషులు తెల్లవారకముందే స్నానాలు చేసి బయల్దేరారు. గోడకున్న స్వామికి ప్రదక్షిణ చెయ్యాలంటే విల్లా మొత్తం చుట్టి రావాలి. తొంభై మంది, పదకొండేసి చుట్లు. బుధవారమయితే ఇరవై ఒకటి. నలభై ఒకటో విల్లా చుట్టూ అడుగుమన్ను నాలుగు రోజుల్లో బండ అయింది. చక్రధర్ ఫోను చేసి, "రోజుకు లక్ష అడుగులా? అద్భుతం డాక్టర్ వారిజా. ఏం చేశారు మీరు?" అన్నాడు. తాను చేసిందేమీ లేదని చెప్పినా వినిపించుకోలేదు.

ఇటు తూర్పు బాట పొడిబారి పెచ్చులూడటం మొదలైంది. వారిజ ఒక పిడికెడు మట్టి తీసుకొని ల్యాబుకు పరుగెత్తింది. మొయినుద్దీన్ అక్కడ మొదటి నుంచీ ఉన్న టెక్నీషియన్, ఆమెకన్నా పదేళ్ళు పెద్ద. మైక్రోస్కోపులో చూసి కుర్చీ వెనక్కి జరిపాడు.

"దారాలు లేవు మేడం ఇందులో. వెళ్ళిపోయినయ్. మేత అంతా ఆ చుట్టుబాటకు పోతున్నది."

"రెండింతలు బెల్లంనీళ్ళు పోస్తున్న మొయిన్ భాయ్."

"ఎంత పోసినా అటే గుంజుకుంటయ్. లక్ష అడుగుల ముందు ఒక్క మనిషి అడుగులు ఏం లెక్క?" ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "మీరు అట్లనే కదా పెంచింది దీన్ని."

"మార్చలేమా?"

"కొత్త జీవిని పెంచాలె. రెండేండ్లు."

జూన్ పన్నెండుకు నలభై రోజులుంది. వారిజ ఇంటికొచ్చి చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకొని తానే నడవడం మొదలుపెట్టింది. విల్లా నుంచి గోడ దాకా, గోడ నుంచి విల్లా దాకా. పొద్దున ఇరవైసార్లు, ఎండ దిగాక ముప్ఫైసార్లు. మే నెల ఎండకు అరికాళ్ళు బొబ్బలెక్కాయి. కారుల్లో పోయేవాళ్ళు అద్దాలు దించి, "వాకింగా మేడం? వెయిట్ తగ్గారు," అని పలకరించేవాళ్ళు. ఒక్కళ్ళూ దిగి రెండడుగులు వెయ్యలేదు. స్వామి ఉన్నది అటువైపు.

ఓ ఆదివారం ఉదయం ఉపేందర్ ఆమెకు చెప్పకుండా బయల్దేరాడు. నూట అరవయ్యో అడుగు దగ్గర మట్టి జారింది. సత్తెమ్మ చూసి కేక వేసింది. వారిజ వెళ్ళేసరికి ఆయన పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. మోచెయ్యి దోక్కుపోయింది, కర్ర దూరంగా పడింది. జేబులోంచి జారిన తాళంచెవి కోసం ఎడమచేత్తో మట్టిలో వెతుక్కుంటున్నాడు.

"నీ మట్టి నన్ను మరిచిపోయింది," అన్నాడు, దులుపుకుంటూ.

ఆయన మామూలుగానే అన్నాడు. వారిజ తాళంచెవి ఏరి ఆయన జేబులో వేసింది. దవాఖానాలో ఆయనకు పక్షవాతమని చెప్పిన రోజు కూడా ఆమెకు ఇంత బాధ కలగలేదు. పదకొండేళ్ళు కష్టపడి ఆమె తయారుచేసింది ఒక కుంటిమనిషి అడుగును లెక్కలోంచి కొట్టేసే మట్టిని.

*

ఉపాయం ఆమెకు మర్నాడు తోచింది. స్వామిని జరిపితే జనం జరుగుతారు. జనం జరిగితే బాట జరుగుతుంది.

దామోదర్ రావు దగ్గరికి వెళ్ళింది. ఆయన అప్పటికే మింగలేక కక్కలేక ఉన్నాడు. తెల్లవారుజాము నుంచి ఇంటి చుట్టూ జనం, గేటు ముందు చెప్పుల గుట్ట, కారు బయటికి తీయాలంటే ప్రదక్షిణలు అయ్యేదాకా ఆగాలి.

"తూర్పు గోడ దగ్గర పెడ్దాం సార్, చిన్న గేటు పక్కన," అంది వారిజ. "అక్కడి నుంచి సూటిగా మీ ఇంటికే చూస్తడు స్వామి. పోటు రాదు. మీ ఇంటి చుట్టూ జనం ఉండరు."

"మీకు కోటి దండాలు మేడం," అని ఆయన అప్పటికప్పుడు సిద్ధాంతిగారికి ఫోను కలిపాడు. సిద్ధాంతిగారు కూడా భేషన్నారు. తాత్కాలికంగా బాలాలయం కట్టి, స్వామిని అందులోకి కదిపి, కొత్తచోట శాస్త్రోక్తంగా ప్రతిష్ఠ చేద్దామన్నారు. మే ఇరవై ఎనిమిదికి ముహూర్తం. చిన్న గేటు తాళం అట్లాగే ఉంటుందనీ, ఉపేందర్ సార్‌కు అడ్డం ఉండదనీ దామోదర్ రావు తన నోటితో తానే అన్నాడు.

ముహూర్తానికి రెండ్రోజుల ముందు వారిజ బెంగళూరు వెళ్ళాల్సి వచ్చింది. నిధులిచ్చే సంస్థ సమీక్ష. నాలుగు రోజులన్నది పదమూడు రోజులయింది. రోజుకు లక్ష అడుగులంటే వాళ్ళు వదిలితే కదా, ఇంకో ఆరు కాలనీలకు ప్రణాళిక రాయమని కూర్చోబెట్టారు. ఆమె రోజూ ఫోను చేసేది.

"బాట ఎట్లుందండీ?"

"గట్టిగైంది. బండ. నిన్న గోడ దాకా పోయొచ్చిన."

"గేటు?"

"నువ్వు మీటింగు చూసుకో," అనేవాడు.

జూన్ ఎనిమిదిన తిరిగొచ్చింది. సామాను గుమ్మంలో పెట్టి నేరుగా తూర్పుకు నడిచింది. కాళ్ళ కింద బాట నల్లేరు మీద బండి నడకలా సాగింది. ఎంత బాగుందంటే ఆమెకు తన మీద తనకే గర్వం కలిగింది. బాట చివర గోడకు తెల్లరాతి గూడు, పైన చిన్న గోపురం, లోపల స్వామి, దీపం, గరిక. ఆమె అటు చూసింది. ఇటు చూసింది. చిన్న గేటు లేదు.

గేటు ఉన్న చోటే గూడు ఉంది.

"గుడి వెనక మనుషులు నడిచే దారి ఉండకూడదన్నరు మేడం సిద్ధాంతిగారు. స్వామికి వెన్నుగా గోడ ఉండాలట," అని చెప్పాడు దామోదర్ రావు. "మేస్త్రీ ఏమన్నడంటే, గోడ కొత్తగ తొలవడం దేనికి, గేటు సందు తయారుగనే ఉంది గద, ఎన్క ఇటుక పేర్చితే గూడు అయిపోతదన్నడు. కొలత పెట్టినట్టు సరిపోయింది."

"మా సారుకు దారి ఇస్తనన్నరు సార్ మీరు."

"అన్న. కాదన్ననా?" ఆయన మొహం చిన్నబోయింది. "అప్పుడు అందరు ఉన్నరు, ముహూర్తం దాటిపోతున్నది. ఇప్పుడు ప్రతిష్ఠ అయిపోయింది. రెండుసార్లు కదిలిస్తే కాలనీకి అరిష్టం అంటున్నరు. గోడకు ఇంకోచోట గేటు పెడ్దాం మేడం. జనరల్ బాడీ పెట్టాలె, ఇరవై ఒక్క రోజుల నోటీసు. బిల్డరు ఒప్పుకోవాలె. సెక్యూరిటీ కమిటీ కూడ."

ఆమె ఆ నాలుగు రోజులూ తిరగని ఇల్లు లేదు. బిల్డరు ఆఫీసులో ఫైలు పెట్టమన్నారు. సిద్ధాంతిగారు నొచ్చుకున్నారు గానీ, శాస్త్రం తన చేతిలో లేదన్నారు. చక్రధర్ అయితే, "గుడి కట్టించడం మీ ఆలోచనేనట కదా, ఆరు కాలనీలకూ అదే పెడదామా?" అని అడిగాడు. ఫోను పెట్టేసి ఆమె స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి విప్పి ఏడ్చింది.

"గేటు సంగతి నాకెందుకు చెప్పలేదు?" అని భర్తనడిగింది.

"చెప్తే ఏం చేస్తవ్? మీటింగు ఇడిచిపెట్టి వస్తవ్." ఆయన చొక్కా జేబు తడుముకున్నాడు. "మేస్త్రీకి తాళంచెవి చూపెట్టిన. నాకు దారి ఉన్నదని చెప్పిన. రావు సార్‌ను అడుగుండ్రి అన్నడు. ఇటుక పేర్చిండు."

*

జూన్ పన్నెండు పొద్దున ఉపేందర్ ఇస్త్రీ చొక్కా వేసుకొని, జేబులో పెన్నూ తాళంచెవీ పెట్టుకొని, కర్ర తీసుకున్నాడు.

"ఎక్కడికండీ?"

"బడికి. దారి ఏడిదాక ఉంటే ఆడిదాక నడుస్త."

ఆమె వెనకే నడిచింది. చెయ్యి వెయ్యలేదు. బాట నిండా జనం, కొబ్బరికాయలూ పూలబుట్టలూ. ఆయన పక్కకు తప్పుకోకుండా నడుమ నడిచాడు. మూడు వందలు దాటాక కర్రను చంకలో పెట్టుకున్నాడు. పాదం ఒక్కసారి కూడా మడతపడలేదు. అంత మంచి నేల ఈ దేశంలో మరెక్కడా లేదు. నాలుగు వందల ఇరవై రెండో అడుగుకు స్వామి ముందు నిలబడ్డాడు.

"సార్, మొత్తం మీరే నడిచి వచ్చేశారే," అంది యాభై రెండో విల్లా ఆవిడ సంబరంగా. నలుగురు చప్పట్లు కొట్టారు. ఎవరో వీడియో తీశారు. గోడకున్న స్వామి కాబట్టి జనం నిలుచున్నచోటే తమ చుట్టూ తాము తిరిగి దండం పెడుతున్నారు. గోడ అవతల బడిగంట మోగింది. పిల్లల అరుపులు, ఎవరో మైకు సరిచేస్తున్న చప్పుడు, తర్వాత ప్రార్థన.

ఉపేందర్ ప్రార్థన అయ్యేదాకా కదల్లేదు. జేబులోంచి తాళంచెవి తీసి, హారతి పళ్ళెంలో చిల్లర మధ్య పెట్టాడు.

"నూట యాభై ఐదు అడుగులు," అన్నాడు ఆమె వైపు చూడకుండా. తర్వాత, "రిజిస్టర్ల సంతకం పెట్టకపోతే ఇయ్యాల్టితో నౌకరి పోతది. కారు తియ్యి."

పెద్ద గేటు దగ్గర కొత్త బ్యానరు కట్టారు, నడకకు అనువైన కాలనీగా ఆమ్రవనం ఎంపికైందని. దాని కింద సత్తెమ్మ వాళ్ళు వేలిముద్రల కోసం వరసలో నిలబడి ఉన్నారు. సత్తెమ్మ కారులో ఉపేందర్‌ను చూసి చెయ్యి ఎత్తబోయి దించేసింది. హైవే మీద లారీలు, యూటర్న్ దగ్గర ట్రాఫిక్కు. బడి గేటు ముందు కారు ఆగేసరికి మొదటి పీరియడు సగమయింది.

వారిజ దిగి, చుట్టూ తిరిగి వెళ్ళి, ఆయన వైపు తలుపు తీసింది. ఆయన రెండు కాళ్ళూ బయట పెట్టి, సీటు అంచు పట్టుకొని లేవబోయాడు. లేవలేకపోయాడు. మళ్ళీ ప్రయత్నించాడు. ఆమె ఏం చెయ్యాలో తెలియక నిలబడింది.

కాసేపటికి ఆయనే రెండు చేతులూ చాచాడు. తొమ్మిదో తరగతి కిటికీలన్నిట్లోనూ పిల్లలు లేచి నిలబడి చూస్తున్నారు.